ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు: పెద్దవాళ్ళని ఏం అడగాలి, మన క్లాసువాళ్ళని ఎలా అడగాలి

మా నర్సింగ్ కాలేజీ లైబ్రరీలో పాత ప్రాజెక్టు పుస్తకాల బీరువా తెరిస్తే ఎక్కువగా రెండే టాపిక్కులు కనపడతాయి. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళ మానసిక పరిస్థితి ఒకటి, నర్సింగ్ విద్యార్థుల్లో ఒత్తిడి ఇంకొకటి. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, లోపల ఊరూ సంవత్సరమూ మాత్రం వేరు. నేను నెల్లూరులో కమ్యూనిటీ హెల్త్ చెప్పే ట్యూటర్ని. ఏటా ఫైనల్ ఇయర్ గ్రూపులకు గైడ్‌గా ఉంటాను. ఈ టాపిక్కులు పాతబడ్డాయి, వేరేవి చూసుకోండి అని నేను అనను. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పెరుగుతూనే ఉన్నారు, వాళ్ళ పిల్లలు చెన్నైకీ బెంగళూరుకీ పోతూనే ఉన్నారు. హాస్టల్లో రాత్రిపూట ఏడ్చే అమ్మాయిలూ తగ్గలేదు. కాబట్టి టాపిక్ అదే తీసుకోండి. సీనియర్ల పుస్తకంలోని మొదటి టేబుల్ మాత్రం ఎత్తిరాయకండి.

ఆ టేబుల్ మీకు కంఠతా వచ్చు. వయసు, ఆడా మగా, మతం, చదువు, వృత్తి, ఆదాయం, ఉమ్మడి కుటుంబమా చిన్న కుటుంబమా, శాకాహారమా మాంసాహారమా. చివర్లో ఒక్కోదాన్నీ స్కోరుతో కలిపి కై-స్క్వేర్ (రెండిటికీ సంబంధం ఉందా అని చూసే లెక్క) వేసి, "సంబంధం కనపడలేదు" అని రాసి అట్ట వేయిస్తారు. కనపడదు మరి. మైపాడు రోడ్డులో ఒక అవ్వ దిగులుగా ఎందుకుందో ఆమె మతాన్ని బట్టి తెలియదు. రాత్రి దొడ్డికి పోవాలంటే మూడు మెట్లు దిగాలి, లైటు లేదు, పోయిన వానాకాలం అక్కడే పడింది. అది మీ టేబుల్లో ఎక్కడుంది?

పెద్దవాళ్ళ టేబుల్లో ఏం ఉండాలి

చెవి, కన్ను, పళ్ళు ముందు రాసుకోండి. చెవి సరిగ్గా వినపడని మనిషితో ఇంట్లోవాళ్ళు మాటలు తగ్గిస్తారు. మూడుసార్లు అరిచి చెప్పే ఓపిక ఎవరికుంటుంది? ఆ మనిషి కూడా నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు. బయటికి అది ముసలితనం చాదస్తంలా కనపడుతుంది. డిమెన్షియాకు (మతిమరుపు జబ్బుకు) దారితీసే, మనం అడ్డుకోగలిగే కారణాలని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 14 లెక్కపెట్టింది, వాటిలో వినికిడి తగ్గడం, చూపు తగ్గడం రెండూ ఉన్నాయి. మీ దగ్గర ఆడియోమీటరు లేకపోయినా పరవాలేదు. వెనక నిలబడి చెయ్యి చాచినంత దూరం నుంచి రెండు మూడు అంకెలు గుసగుసగా చెప్పి తిరిగి చెప్పమనండి. రెండో చెవిని ఆ పూటకి వేలితో మూయించండి. చెప్పలేకపోతే పీహెచ్‌సీకి పంపి గులిమి ఉందేమో చూపించండి. కొందరికి అదే మొత్తం జబ్బు.

పళ్ళ సంగతి నర్సింగ్ పుస్తకాల్లో ఓరల్ హైజీన్ అని రెండు లైన్లతో సరి. పళ్ళు లేనివాళ్ళు ఏం తింటున్నారో అడిగి చూడండి. చారన్నం, మజ్జిగన్నం, పొద్దున కాఫీలో రస్కు. గింజలు నమలలేరు, కోడికూర పీచు నమలలేరు, గుడ్డు ఎవరూ పెట్టరు. కండ కరిగిపోయి కాళ్ళలో సత్తువ లేదంటుంటే మనం "వయసు" అని రాసుకుంటాం. సముద్రం దగ్గర ఊళ్ళలో ఎండుచేపలూ ఊరగాయా లేకపోతే ముద్ద దిగదు. బీపీ ఉందని అవి రెండూ ఒక్కసారే మానెయ్యమంటే మీ మాట వినరు, వింటే అన్నమే మానేస్తారు. ఎండుచేపల్ని నీళ్ళలో బాగా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండుకోమనండి. ఊరగాయ ఒక పూటకి తగ్గించమనండి.

తర్వాత బాత్రూమ్. ఎంత దూరం, మెట్లున్నాయా, పట్టుకోవడానికి ఏముంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు. ఈ ప్రశ్నకి ఇంకో ప్రశ్న అంటుకుని ఉంటుంది: సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశారా? లేవాల్సి వస్తుందని చాలామంది తాగరు. దాని వెంట మలబద్ధకం, మూత్రంలో మంట, పొద్దున లేవగానే కళ్ళు తిరగడం. మీరు ఎలాగూ బీపీ మిషన్ తీసుకెళ్తారు కదా, కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకి చెప్పాల్సిన సంగతి అది.

పడతామనే భయాన్ని విడిగా అడగండి. పడిన వాళ్ళకే కాదు, పక్కింటావిడ పడి తుంటి విరగడం చూసిన వాళ్ళకి కూడా ఆ భయం ఉంటుంది, గుడికి పోవడం దాంతోనే ఆగిపోతుంది. కొలవడం తేలిక. చేతులున్న కుర్చీ, మూడు మీటర్ల దూరంలో సున్నంతో ఒక గీత. లేచి మామూలు నడకతో గీత దాకా పోయి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. ఫోనులో స్టాప్‌వాచ్ ఒకరు పట్టుకోండి, ఇంకొకరు మనిషి పక్కనే నడవండి. ఇద్దరూ ఫోనే చూస్తూ నిలబడొద్దు.

ఇక డబ్బు. కుటుంబ ఆదాయం ఎంత అని రాస్తారు, పెద్దమనిషి చేతిలో ఎంత ఆడుతుందో రాయరు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4,000 రూపాయలు, ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తారు. ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. పూర్తిగా కొడుకు తీసుకుంటాడా, మాత్రలకి పోను మిగిలింది ఉంచుకుంటారా. మనవడికి పది రూపాయలు ఇచ్చి "పో, బిస్కెట్ కొనుక్కో" అనగలిగే అవ్వకీ, కాఫీపొడికి కోడల్ని అడగాల్సిన అవ్వకీ కుటుంబ ఆదాయం ఒకటే అయినా బతుకు ఒకటి కాదు. దీన్ని కోడలు ముందర అడగకండి.

పని గురించి కూడా అడగాలి. "నువ్వు కూర్చో అవ్వా, మేం చేస్తాంలే" అనడం ప్రేమే. కానీ చింతపండు పిక్క తీయడం, పూలు కట్టడం, కోళ్ళని తోలడం, మనవరాలికి జడ వేయడం అన్నీ తీసేస్తే పొద్దున్నుంచి ఆమెకి మిగిలేది గోడ. రోజూ ఆమె కోసం ఆగే పని ఒకటైనా ఉందా? ఎవరితో కూర్చుని అన్నం తింటుంది? వారంలో ఎన్నిసార్లు గడప దాటుతుంది? ఈ మూడింటికి జవాబులు వస్తే మతం, వృత్తి కాలమ్స్‌తో మీకు పెద్దగా అవసరం ఉండదు. గైడ్ ఒప్పుకోకపోతే అవీ ఉంచండి, గొడవెందుకు.

మాత్రల డబ్బా చూడకుండా ఇంటి నుంచి రాకండి. ఆ ప్లాస్టిక్ కవరు తెచ్చి మంచం మీద బోర్లించమనండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు స్ట్రిప్పులు, సగానికి కత్తిరించి పేరూ తారీఖూ పోయిన ముక్కలు, తల తిరిగినప్పుడు మాత్రమే వేసుకునే బీపీ మాత్ర, మోకాళ్ళకని ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్ర నెలల తరబడి. ఆ నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలకి చెరుపు. మీరు దేన్నీ ఆపమని చెప్పకూడదు, అది మీ పని కాదు. రాసుకుని ఏఎన్ఎంకి గానీ మెడికల్ ఆఫీసరుకి గానీ చూపించండి.

ప్రశ్న అడిగే పద్ధతి

టూల్ విషయానికొస్తే, పెద్దవాళ్ళకి డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే చిన్న ప్రశ్నావళి బాగుంటుంది. గత రెండు వారాల గురించి అయిదే మాటలు: మనసు హుషారుగా ఉందా, నిమ్మళంగా ఉందా, ఒంట్లో చురుకు ఉందా, నిద్ర లేచాక తేటగా ఉందా, రోజు ఇష్టమైన వాటితో గడిచిందా. ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తం 25, దాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి వస్తుంది. 50, అంతకన్నా తక్కువ వస్తే డిప్రెషన్ ఉందేమో ఇంకా వివరంగా చూడాలి. జబ్బు ఉందని కాదు, చూడాలి అని. దానికి అవును, కాదు అని జవాబు చెప్పే 15 ప్రశ్నల జీడీఎస్ (పెద్దవాళ్ళ డిప్రెషన్ స్కేలు) ఉంది.

కాగితం మీద సులువే. ఊళ్ళో "గత రెండు వారాల్లో" అంటే అవ్వ మొహం చూస్తుంది. ఆమెకి వారాలు లెక్క లేదు, తిథులు లెక్క. "మొన్న అమావాస్య నుంచి పున్నమి దాకా" అనండి, పక్షం రోజులు అంటే అదే కదా. లేకపోతే "పింఛను ఇచ్చిపోయిన రోజు నుంచి" అనండి, నెల మధ్యలో వెళ్ళినట్టయితే సరిగ్గా సరిపోతుంది.

0 నుంచి 5 ఇంకా కష్టం. "ఏందో పాపా, జరుగుతుండాది" అంటే మీరు ఏ అంకె వేస్తారు? మా పిల్లలు చింతపిక్కలు వాడతారు. అయిదు పిక్కలు అవ్వ అరచేతిలో పోసి, "ఈ పక్షమంతా అట్లానే ఉన్నావంటే అయిదూ నా చేతిలో పెట్టు, అసలు లేవంటే ఒక్కటీ పెట్టొద్దు" అంటారు. అల్లూరు వైపు ఒకావిడ "మనసు నిమ్మళంగా ఉందా" అన్నదానికి మూడు పెట్టి, కాసేపు చూసి, ఒకటి వెనక్కి తీసుకుంది. "నిన్న పొద్దున కోడలు అరిచింది, దీన్ని తీసెయ్" అంది. అంత నికార్సైన డేటా పెన్నూ కాగితంతో రాదు. పిక్కలు వాడిన సంగతి మెథడాలజీలో రాయండి, పైలట్ స్టడీలో కూడా అవే వాడండి, సగంమందికి వాడి సగంమందికి మానేయకండి.

"మనసు బాగాలేదు" అని మన పెద్దవాళ్ళు నోటితో అనడం తక్కువ. అన్నం సయించడం లేదు, గుండె దడగా ఉంది, కాళ్ళు పీకుతున్నాయి, తెల్లారుజామున మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు అంటారు. ఆ మాటల్ని ఉన్నవున్నట్టు మార్జిన్‌లో రాసుకోండి. అలాగని అన్నీ మనసు వల్లే అని తేల్చేయొద్దు: ఒళ్ళు జబ్బు కూడా నిజంగానే ఉండొచ్చు.

వెళ్ళే సమయం చూసుకోండి. మే నెలలో తొమ్మిది దాటితే మీరే సొమ్మసిల్లుతారు. అక్టోబరు, నవంబరుల్లో మనకి వానలూ తుఫాన్లూ, డేటా కలెక్షన్ అప్పుడు పెట్టుకుంటే సగం శాంపిల్ నీళ్ళలో ఉంటుంది. మార్చి, ఏప్రిల్ వరి కోతలప్పుడు ఇంటిల్లిపాదీ పొలంలో ఉండి పెద్దవాళ్ళు ఒక్కరే ఇంట్లో ఉంటారు. మాట్లాడటానికి వీలే, కానీ ఆ రోజుల ఒంటరితనం ఏడాదంతటిదీ అనుకోకండి. రాసేటప్పుడు నెల పేరు రాయండి.

అడిగేశాక ఏం చెయ్యాలి

ఏడుస్తారు. తయారుగా ఉండండి. అప్పుడు పేజీ తిప్పి తర్వాతి ప్రశ్నకి పోవద్దు, "ఏడవకండి" అనీ అనొద్దు. పెన్ను పక్కన పెట్టి కూర్చోండి, అంతే. మీ కళ్ళలో నీళ్ళు వచ్చినా తప్పు లేదు. "ఇంకెందుకు బతకడం" అన్నారంటే అది వేరే సంగతి. మామూలుగా అనే మాటేలే అని వదిలేయకుండా, ఊరికే అంటున్నారా, నిజంగా చావాలని ఉందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదిలి రాకుండా ఇంట్లో నమ్మకమైన మనిషికి, గైడ్‌కి, మెడికల్ ఆఫీసరుకి అప్పుడే చెప్పండి. టెలి మానస్ నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ళకి కొట్టడం, అన్నం పెట్టకపోవడం లాంటివి ఉంటే ఎల్డర్ లైన్ 14567 ఉంది. పిల్లలు చూడకపోతే 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి 10,000 రూపాయల దాకా పోషణ ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కి ఉంది. చాలామంది పెట్టరు. కొడుకు మీద కేసా అంటారు. బలవంతం చేయకండి, ఆ దారి ఉందని తెలిసి ఉంటే చాలు.

ఇప్పుడు మీ సంగతి

ఒత్తిడి కొలవడానికి అందరూ పీఎస్‌ఎస్-10 అనే ప్రశ్నల స్కేలు వాడతారు. షెల్డన్ కోహెన్ వాళ్ళు 1983లో తెచ్చిన ఈ స్కేలుకి మొదట 14 ప్రశ్నలు, తర్వాత 10 చేశారు. గత నెల రోజుల గురించి అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. ఇందులో 4, 5, 7, 8 ప్రశ్నలు తిరగేసినవి. "నా పనులు అనుకున్నట్టు జరిగాయి" లాంటివి, వాటికి 0 వస్తే 4 వేసుకోవాలి, 1 వస్తే 3. ఈ తిరగేయడం మర్చిపోయిన ప్రాజెక్టులు ఆ బీరువాలో నాకు కనపడ్డాయి. అట్ట మాత్రం బంగారు అక్షరాలే.

13 దాకా తక్కువ, 14 నుంచి 26 మధ్యస్థం, 27 నుంచి ఎక్కువ అని అందరూ రాసేస్తారు. ఈ గీతలు గీసింది కోహెన్ కాదు. ఆ స్కేలు జబ్బు తేల్చేది కాదు, పోల్చుకోవడానికి. పైగా 14 నుంచి 26 అంటే ఎంత వెడల్పో చూడండి, ఏ క్లాసుని తీసుకున్నా ఎక్కువమంది అందులోనే పడతారు. "మధ్యస్థ ఒత్తిడి ఎక్కువమందిలో ఉంది" అనేది మీరు కనిపెట్టిన సంగతి కాదు, గేటు అంత వెడల్పు పెట్టారు కాబట్టి అందరూ లోపలికొచ్చారు. సగటు రాయండి, ఏ వార్డు వాళ్ళకి ఎంత, ఏ ఇయర్ వాళ్ళకి ఎంత అని పోల్చండి.

నెల రోజుల గురించి అడిగే స్కేలు కాబట్టి యూనివర్సిటీ పరీక్షల ముందు ఇవ్వకండి. అప్పుడు టాపర్ కూడా టెన్షన్‌లోనే ఉంటుంది. సెమినార్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి ట్యూటర్ తిరుగుతుంటే కూడా నిజం రాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం మన చెప్పుచేతల్లో ఉండే విద్యార్థులు కూడా ప్రత్యేకంగా కాపాడాల్సిన వాళ్ళే, ఎందుకంటే మేడం అడిగితే కాదనలేరు. పేరూ రోల్ నంబరూ వద్దు. ట్యూటర్ గదిలో ఉండొద్దు, నేనైనా సరే. కాగితాలు మడిచి అట్టపెట్టెలో వేయమనండి. బెంచీకి ఒకరే. ఒత్తిడి ప్రశ్నలకి కూడా పక్కమ్మాయిది చూసి రాసేవాళ్ళున్నారు, నేను సరదాకి చెప్పడం లేదు.

వీళ్ళ టేబుల్లో కూడా తండ్రి వృత్తి ఒక్కటీ రాసి ఊరుకోవద్దు. ఇంటర్ ఏ మీడియం? తెలుగు మీడియం నుంచి వచ్చి నర్సింగ్ డయాగ్నసిస్ ఇంగ్లీషులో రాయడం మొదటి ఏడాది నరకం. నర్సింగ్ తనే కోరుకుందా, మెడిసిన్ సీటు రాక వచ్చిందా? బంధువులు ఇంకా "ఎంబీబీఎస్ రాలేదా" అంటున్నారా? ఫీజు బాకీ ఉందా? రాత్రి నిద్ర ఎన్ని గంటలు, పొద్దున బస్సెక్కే ముందు టిఫిన్ తిన్నదా? రాయాల్సిన కేర్ ప్లాన్లు (ఒక్కో పేషెంటుకి ఏం చెయ్యాలో రాసేవి) ఎన్ని పెండింగ్? నెలసరి రోజుల్లో వార్డులో కాసేపు కూర్చోనిస్తారా?

అన్నిటికన్నా ముఖ్యం, వార్డులో భయం లేకుండా "అక్కా, ఇది ఎట్లా చెయ్యాలి" అని అడగడానికి ఒక్క మనిషైనా ఉందా? రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) మొదటిసారి వేసేటప్పుడు చేతులు వణకడం సహజం. "ఏ కాలేజీ మీది?" అని పేషెంటు బంధువుల ముందు అరిస్తే ఆ వణుకు ఏడాది దాకా పోదు. మొదటి చావు చూసిన రోజు గురించి కూడా ఒక ప్రశ్న పెట్టండి. శవాన్ని సర్ది, చేతులు కడుక్కుని, ఆ మధ్యాహ్నమే మెస్‌లో సాంబారన్నం ముందు కూర్చున్న అమ్మాయిని "తిన్నావా" అని తప్ప ఎవరైనా ఏమైనా అడిగారా?

ఎవరి స్కోరు ఎక్కువో మీకు తెలియదు, పేర్లు లేవు కదా. అందుకే కాగితం చివర 14416 నంబరు, మాట్లాడదలిచిన వాళ్ళు ఎవరి దగ్గరికి రావచ్చో అందరికీ అచ్చు వేయించండి.

రాసేటప్పుడు

సంబంధం కనపడితే అదే కారణమని రాయకండి. ఆశ్రమంలో ఉన్నవాళ్ళకి డబ్ల్యూహెచ్‌ఓ-5 స్కోరు తక్కువ వచ్చిందంటే ఆశ్రమం వల్ల తగ్గిందని కాదు. ఒంట్లో బాగాలేకో, ఇంట్లో ఎవరూ లేకో అక్కడికి చేరి ఉండొచ్చు, దిగులు వాళ్ళతోపాటే వచ్చి ఉండొచ్చు. అరవైమంది శాంపిల్‌ని ఎనిమిది గడులుగా ముక్కలు చేసి కై-స్క్వేర్ వేస్తే కొన్ని గడుల్లో ఇద్దరేసే మిగులుతారు. చాలా గడుల్లో ఉండాల్సిన అంచనా సంఖ్య 5 కన్నా తగ్గితే ఆ లెక్క నమ్మదగింది కాదు. గడులు కలపండి, లేదా తక్కువమంది ఉన్నప్పుడు వాడే ఫిషర్స్ టెస్ట్ వేయమని స్టాటిస్టిక్స్ సారుని అడగండి.

సూచనల పేజీలో "లోతైన శ్వాస వ్యాయామాలపై అవగాహన కార్యక్రమం నిర్వహించాలి" అని రాయడానికి చెయ్యి లాగుతుంది, తెలుసు. వైవాకి పోయే ముందు నిదానంగా ఊపిరి తీసుకుంటే గుండె దడ తగ్గుతుంది, దాన్ని కాదనను. సోమవారానికి మూడు కేర్ ప్లాన్లు ఇవ్వాల్సిన అమ్మాయికి ఊపిరి తీసుకోవడం నేర్పితే కేర్ ప్లాన్లు మూడూ మూడే ఉంటాయి. మీ డేటాలో కేర్ ప్లాన్ల బరువు బయటపడితే గడువు మార్చమని రాయండి. కొత్త వార్డుకి వెళ్ళిన మొదటి వారం ప్రతి జూనియర్‌కీ ఒక సీనియర్‌ని జత చెయ్యమని రాయండి. పెద్దవాళ్ళ విషయంలో బాత్రూమ్ దారిలో లైటు, పట్టుకోవడానికి ఒక కర్ర అని రాయండి. చిన్నగా ఉంటుందని మొహమాటపడకండి. గైడ్ కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో అడగండి.

వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్) ఎక్కువగా అడిగేది "ఈ వేరియబుల్ (టేబుల్లోని ఈ అంశం) ఎందుకు తీసుకున్నారు" అని. సీనియర్లు తీసుకున్నారని చెప్పలేరు కదా. నేనే ఎక్స్‌టర్నల్‌గా వస్తే మాత్రం మీ శాంపిల్లో చెవి వినపడని వాళ్ళెందరు, వాళ్ళలో ఎందరిని పీహెచ్‌సీకి పంపించి గులిమి తీయించారు అని అడుగుతాను. ఆ రెండంకెలూ ఏ పేజీలో ఉన్నాయో చూసుకుని రండి.